గుండె జబ్బు కుక్కకి విరేచనాలు పట్టుకుంటే

మా కుక్కకి పదేళ్లు, బరువు పది కిలోలు. గుండె ఎడమవైపు మైట్రల్ కవాటం రేకులు మందమెక్కి సరిగ్గా మూసుకోవడం మానేశాయి. చిన్న జాతుల్లో వయసు మళ్లాక ఎక్కువగా కనబడే గుండె జబ్బు ఇదే. ఊపిరితిత్తుల్లో నీరు చేరడంతో డాక్టరుగారు ‘సి’ దశ (గుండె వైఫల్యం బయటపడ్డ దశ) అని తేల్చి, గుండెకి బలమిచ్చే పిమోబెండాన్ 2.5 మి.గ్రా., ఒంట్లో నీటిని మూత్రంలో తీసేసే ఫ్యూరోసెమైడ్ 20 మి.గ్రా. రోజుకు రెండేసి పూటలు రాశారు. వాటికి తోడు రక్తనాళాలను సడలించే ఎనాలాప్రిల్, పొటాషియం పోకుండా నీరు తీసే స్పైరోనోలాక్టోన్. ఆయాసం తగ్గింది. తిండి పెట్టిన గిన్నె దగ్గరికి మళ్లీ రావడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే విరేచనాలు పట్టుకున్నాయి.

మామూలు కుక్కకైతే ఒక పూట పస్తు పెట్టి చూడొచ్చు. గుండె జబ్బు కుక్కకి అలా కుదరదు. ఫ్యూరోసెమైడ్ ఒకపక్క మూత్రంలో నీళ్లనీ పొటాషియాన్నీ తోడేస్తుంటే, ఇంకోపక్క విరేచనాలు అదే పని చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గిన కొద్దీ కిడ్నీకి రక్తం చాలదు. ఆ స్థితిలో ఎనాలాప్రిల్ కూడా పడితే క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) రక్తంలో పెరుగుతుంది. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. పోనీ సెలైన్ ఎక్కిద్దామా అంటే, కాస్త ఎక్కువైనా మళ్లీ ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. అందుకే మందు మార్చేముందు డాక్టరుగారు రక్తంలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మలంలో పురుగుల గుడ్లు, జియార్డియా అనే పరాన్నజీవి చూశారు. రిపోర్టులు చూశాక పిమోబెండాన్ ఆపలేదు, ఫ్యూరోసెమైడ్ మోతాదు తగ్గించారు, తిండీ నీళ్లూ నిలబడేదాకా మిగతా రెండూ పక్కన పెట్టించారు. ఇది ఇంట్లో ఎవరికి వారు చేసుకోదగ్గ సర్దుబాటు కాదు. ఫ్యూరోసెమైడ్ పూర్తిగా ఆపితే ఒక్క రాత్రిలో ఆయాసం తిరగబెట్టొచ్చు.

అసలు పేగులు ఎందుకు చెడతాయి? గుండె సరిగ్గా తోయలేనప్పుడు ఒళ్లు మెదడుకీ గుండెకీ రక్తం మిగిల్చి పేగులకి కోత పెడుతుంది. గుండె కుడివైపు కూడా దెబ్బతింటే పేగుల నుంచి రావలసిన రక్తం వెనక్కి నిలిచి పేగు గోడ ఉబ్బుతుంది, పొట్టలో నీరు పడుతుంది. ఉబ్బిన గోడలోంచి బాక్టీరియా విషాలు రక్తంలోకి జారతాయి, ఒళ్లంతా వాపు స్వభావం పెరుగుతుంది, ఆకలి చస్తుంది, నడుం మీద కండ కరుగుతుంది. గుండె వైఫల్యం ఉన్న కుక్కల మలంలో ఈ-కోలై లాంటి బాక్టీరియా పెరిగినట్టు పరీక్షల్లో కనబడింది కూడా.

ఇక్కడే యాంటీబయాటిక్ సంగతి చెప్పాలి. విరేచనాలనగానే మెట్రోనిడజోల్ మింగించడం చాలామందికి అలవాటు. కుక్క పేగుల్లో క్లాస్ట్రిడియం హిరనోనిస్ (ఇప్పటి పేరు పెప్టాసిటోబాక్టర్ హిరనోనిస్) అనే ఒక మంచి బాక్టీరియా ఉంటుంది. కాలేయం నుంచి వచ్చిన పైత్యరసంలోని ఆమ్లాలను మార్చి, చెడ్డ బాక్టీరియాని అదుపులో పెట్టేది ఇదే. మెట్రోనిడజోల్ దాన్ని ఊడ్చేస్తుంది. మందు ఆపిన నాలుగు వారాలకీ కొన్ని కుక్కల్లో అది తిరిగి రాదు. కాబట్టి జ్వరం, నెత్తురు, రక్తంలో ఇన్ఫెక్షన్ గుర్తులు లేకపోతే యాంటీబయాటిక్ వద్దన్న డాక్టరు మాట వినడమే నయం. మా కుక్కకీ యాంటీబయాటిక్ వాడలేదు. మలంలోని బాక్టీరియాని పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష)తో లెక్కగట్టే ‘డిస్‌బయోసిస్ ఇండెక్స్’ అనే పరీక్ష ఉంది. అందులో 2 దాటితే పేగుల్లో బాక్టీరియా సమతూకం బాగా చెదిరినట్టు.

తిండి విషయంలో రెండు పడవల మీద కాళ్లు. ఉప్పు తక్కువ ఉన్న ఫుడ్‌కి ఉన్నట్టుండి మార్చడం విరేచనాలకి ఒక కారణం. మారిస్తే ఏడు నుంచి పది రోజులు పట్టాలి, కొత్తది పావు వంతుతో మొదలవ్వాలి. ఇక మాత్రలు దాచి పెట్టే చీజ్ ముక్కలు. ఉప్పూ కొవ్వూ రెండూ అందులోనే. ఎన్ని డైట్ చార్టులు రాసినా అసలు ఉప్పు దూరేది ఆ దారినే! మేం ఉప్పు వేయకుండా ఉడికించిన, తోలు తీసిన చికెన్ ముక్కలో మాత్ర దాస్తాం. పిమోబెండాన్ మాత్రం తిండికి గంట ముందే పడాలి, కడుపు నిండా ఉంటే ఒంటికి తక్కువ పడుతుంది. విరేచనాలు ఉన్న రోజుల్లో అన్నం, చికెన్ కొద్దికొద్దిగా నాలుగు పూటలు పెట్టాం. అదీ కొద్దిరోజులకే, ఎందుకంటే కాల్షియం, టారిన్ (గుండె కండరానికి కావలసిన ఒక అమైనో ఆమ్లం) లాంటివి అందులో చాలవు. ఇసబ్గోల్ అర టీస్పూన్ చొప్పున తిండిలో, సరిపడా నీళ్లతో కలిపాం. అది మందుల్ని పీల్చుకోకుండా మాత్రలకి ఎడం ఇవ్వాలి.

టారిన్ గురించి కొంచెం. కుక్క పైత్య ఆమ్లాలను టారిన్‌తోనే జతచేస్తుంది. పీచు, పప్పుధాన్యాలు ఎక్కువైతే ఆ ఆమ్లాలు పేగుల్లోంచి తిరిగి పీల్చుకోబడక మలంలో పోతాయి, టారిన్ కూడా వాటి వెంటే పోతుంది. గుండె కండరం పలచబడి సాగిపోయే డీసీఎం జబ్బుకి గోల్డెన్ రిట్రీవర్లలో టారిన్ లోపం ఒక కారణం. బఠాణీ, పప్పుధాన్యాలు ఎక్కువగా ఉన్న గ్రెయిన్-ఫ్రీ ఫుడ్ గురించి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో హెచ్చరిక ఇచ్చింది. మా కుక్కది కవాటం జబ్బే అయినా అలాంటి ఫుడ్ జోలికి పోం.

గుండె జబ్బుతో ముడిపెట్టే టీఎంఏఓ అనే పదార్థం పేరు చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. మాంసంలో, గుడ్లలో ఉండే కార్నిటిన్, కోలిన్‌లను పేగు బాక్టీరియా టీఎంఏగా మారిస్తే, దాన్ని కాలేయం టీఎంఏఓ చేస్తుంది. కవాటం జబ్బుతో గుండె వైఫల్యానికి చేరిన కుక్కల్లో ఇది ఎక్కువ. అంతమాత్రాన మాంసం మానిపిస్తే కండ ఇంకా కరుగుతుంది, దానికంటే ఎక్కువ నష్టం. కండ నిలవడానికి చేపనూనె మేలు: అందులోని ఒమేగా-3 కొవ్వులు రెండిట్లో కిలోకి ఈపీఏ 40 మి.గ్రా., డీహెచ్‌ఏ 25 మి.గ్రా. లెక్కన పది కిలోలకి రోజుకు 400, 250. ఒకేసారి మొత్తం ఇస్తే మళ్లీ విరేచనాలే, పావు వంతు నుంచి పెంచాలి.

మలం గట్టిపడ్డాక ఆపిన మందులు ఒక్కొక్కటిగా తిరిగి మొదలయ్యాయి. ప్రతి మార్పు తర్వాత ఒకటి రెండు వారాల్లో కిడ్నీ, పొటాషియం పరీక్ష. ఇంట్లో ఒకే కాగితం మీద నాలుగు గళ్లు: పొద్దుటి బరువు, నిద్రలో ఊపిరి, మలం, తిన్న పాళ్లు. గాఢనిద్రలో 30 సెకన్లపాటు ఊపిరులు లెక్కపెట్టి రెండింతలు చేస్తే నిమిషానికి 30 దాటకూడదు. దాటితే అదే పూట ఫోన్ చేయాలి. ఒకట్రెండు రోజుల్లో బరువు పెరిగితే అది కండ కాదు, నీరు. బరువు తగ్గి, చిగుళ్లు జిగటగా ఉండి, నీరసపడితే ఒంట్లో నీరు తగ్గినట్టు. మలం తారులా నల్లగా వస్తే కడుపులో నెత్తురు కారుతోందని అర్థం, తెల్లారేదాకా ఆగకూడదు. కాళ్ల నొప్పికి మనుషుల నొప్పిమాత్రలు ఈ మందులతో కలిపి ఇస్తే కిడ్నీకీ కడుపుకీ ఒకేసారి దెబ్బ.