35.8 డిగ్రీలు, నా మీద పడిన ఒక వాక్యం

మా పాప 31 వారాలకే, 1,420 గ్రాముల బరువుతో పుట్టింది. కాన్పు గదిలో ఒళ్లు తుడవకుండానే మెడ వరకు ప్లాస్టిక్ సంచిలో ఉంచి, తలకు టోపీ పెట్టి వార్మర్ కిందికి చేర్చారు. తరువాతి మూడు వారాలు ఇంక్యుబేటర్‌లో సాఫీగానే గడిచాయి.

మామూలు తొట్టిలోకి మార్చిన మర్నాడు తెల్లవారుజామున, చంకలో పెట్టిన థర్మామీటరు 35.8 డిగ్రీల సెల్సియస్ చూపింది. ఉండవలసింది 36.5 నుంచి 37.5 వరకు. డ్యూటీ డాక్టరు ఆ అంకె చూస్తూనే నా వైపు తిరిగి, "రాత్రి బట్టలు విప్పి వదిలేశారా? తల్లికి ఆమాత్రం జాగ్రత్త ఉండక్కర్లేదా?" అని అందరి ముందూ అడిగారు. డైపరు మార్చేటప్పుడు కూడా దుప్పటి తీయని నాకు నోట మాట రాలేదు. ఆయన మాత్రం కేసు షీటులో "తల్లి సరిగా కప్పలేదు" అని రాసి మరీ వెళ్లారు.

పరీక్షల విషయంలో ఆయనను తప్పు పట్టను. నెలలు నిండని బిడ్డకు ఇన్ఫెక్షన్ సోకితే జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడవచ్చు. రక్తంలో చక్కెర తగ్గడం, ఊపిరి అందకపోవడం కూడా కారణాలు కావచ్చు. చక్కెర సరిగానే ఉంది. రక్తంలో క్రిములు ఉన్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష ఫలితం వచ్చేదాకా యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇవేవీ లేకపోయినా ఇలాంటి పిల్లలు తేలికగా చల్లబడతారు: చర్మం పలుచన, దాని కింద కొవ్వు తక్కువ, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ, పైగా వణికి వేడి పుట్టించుకోలేరు, ఆ పని చేయవలసిన గోధుమరంగు కొవ్వు వారిలో ఇంకా చాలినంత పేరుకుని ఉండదు.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన పెద్ద నర్సమ్మ నన్ను ఏమీ అడగలేదు. తొట్టికీ పక్కనున్న కిటికీకీ మధ్య చేయి పెట్టి చూసి, అద్దాన్ని తాకి, "ఇక్కడ ఎవరు పెట్టారమ్మా?" అన్నారు. గదిలో గాలి వెచ్చగా ఉన్నా, ఎదురుగా చల్లటి అద్దమో గోడో ఉంటే బిడ్డ ఒంటి వేడి నేరుగా దానివైపు ప్రసరించి పోతుందనీ, గోడ మీది థర్మామీటరు ఆ సంగతి చెప్పదనీ ఆవిడే వివరించారు. తొట్టిని లోపలి వరుసలోకి జరిపించి, పాపను డైపరు, టోపీలతో నా రొమ్ముకు ఆనించి పైన దుప్పటి కప్పారు. గంటన్నరకు 36.7 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ కంగారూ సంరక్షణను రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంది. నేను ఆ వారమంతా రోజుకు 11 గంటలకు తగ్గలేదు, ఈ మాట గర్వంగానే చెబుతాను.

తొట్టి మార్చిన ప్రతిసారీ అది దేని పక్కన ఉందో చూడండి, గంటలోపు ఉష్ణోగ్రత మళ్లీ చూడమని పట్టుబట్టండి. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి సోకడం మొదలైందని అర్థం. రెండూ చల్లబడితే క్షణం ఆగకుండా నర్సును పిలవాలి.

మూడో రోజు కల్చర్‌లో ఏ క్రిమీ లేదని తేలి మందు ఆపేశారు. షీటులో నా గురించి రాసిన వాక్యం కొట్టివేయమని డాక్టరును అడిగాను. ఆయన కాసేపు చూసి, దాన్ని అలాగే ఉంచి, కింద "తొట్టి స్థానం మార్చబడింది" అని మాత్రం రాశారు.