జాబ్ సక్సెస్ అంటే అన్ని స్టెప్పులూ సక్సెస్ అని కాదు

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్‌లో (డేటాబేస్ పనులను నిర్ణీత వేళకు నడిపే సేవ) రాత్రిపూట వరుస స్టెప్పులుగా నడిచే జాబ్‌ను ఏర్పాటు చేసేటప్పుడు చాలామంది షెడ్యూల్ మీద పెట్టినంత శ్రద్ధ, ప్రతి స్టెప్పుకూ ఉండే అడ్వాన్స్‌డ్ పేజీ మీద పెట్టరు. స్టెప్పు విజయవంతమైతే ఏం చేయాలో, విఫలమైతే ఏం చేయాలో నిర్ణయమయ్యేది అక్కడే. మేనేజ్‌మెంట్ స్టూడియో టూల్ తెరమీద స్టెప్పును చేరిస్తే, విజయం తర్వాత తదుపరి స్టెప్పుకు వెళ్లడం డిఫాల్ట్‌గా ఉంటుంది. అదే ఎస్‌పీ_యాడ్_జాబ్‌స్టెప్‌ అనే ప్రొసీజర్‌తో స్క్రిప్టు రాస్తే ఈ ఎంపికకు డిఫాల్ట్ విలువ 1, అంటే జాబ్ సక్సెస్ అని నమోదై అక్కడితో ముగిసిపోతుంది, మిగతా స్టెప్పులు నడవనే నడవవు. స్క్రిప్టులో 3 (తదుపరి స్టెప్పుకు వెళ్లు) అని విడిగా రాయడమే మేలు.

అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. బ్యాకప్ విఫలమైనా ఇండెక్సుల పని ఆగకూడదన్న ఉద్దేశంతో, ఫెయిలైనా తదుపరి స్టెప్పుకే వెళ్లమని పెడతారు. చివరి స్టెప్పు సవ్యంగా పూర్తయితే జాబ్ మొత్తానికీ సక్సెస్ అనే నమోదవుతుంది; ఫెయిలైతేనే ఆపరేటర్‌కు వెళ్లవలసిన మెయిల్ వెళ్లదు. (పచ్చని టిక్కు చూసి నిశ్చింతగా ఉండే టీములు తక్కువేమీ కావు.) అందుకే నేను చివర ఒక తనిఖీ స్టెప్పు చేరుస్తాను: ఏజెంట్ వివరాలు ఉండే ఎంఎస్‌డీబీ డేటాబేస్‌లోని సిస్‌జాబ్‌హిస్టరీ పట్టికలో తాజా రన్‌కు సంబంధించి రన్_స్టేటస్ 0 (విఫలం) ఉన్న వరుస కనిపిస్తే, అది తీవ్రత 16తో ఎర్రర్ ఇచ్చి జాబ్‌ను ఫెయిల్ చేయిస్తుంది.

ఆ హిస్టరీ కూడా డిఫాల్ట్‌గా ఒక్కో జాబ్‌కు 100 వరుసలనే నిలుపుకుంటుంది కనుక, నిమిషానికోసారి నడిచే జాబ్‌కు గంట కిందటి ఆనవాళ్లు కూడా మిగలవు. ఏజెంట్ ప్రాపర్టీస్‌లో ఆ పరిమితిని ముందే పెంచుకోవాలి.