పంటి నొప్పి అనుకున్నాను, థైరాయిడ్ వాపట!

జలుబు తగ్గిన మూడు వారాలకు మెడ ముందు భాగంలో నొప్పి మొదలైంది. మింగితే చెవి దాకా లాగేది. పంటి నొప్పేమో అని కొన్నాళ్లు, గొంతు ఇన్ఫెక్షనేమో అని ఇంకొన్నాళ్లు గడిపేశాను. ఈలోగా గుండె దడ, చేతుల వణుకు, ఊరికే చెమటలు. అంతా టెన్షన్ వల్లేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను (ఈ విద్యలో నేను దిట్ట).

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) బాగా తక్కువ, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించేది) బాగా ఎక్కువ. సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్, అంటే మెడలోని థైరాయిడ్ గ్రంథికి వచ్చే ఒక రకం వాపు అన్నారు డాక్టరుగారు. ఎక్కువగా వైరల్ ఇన్ఫెక్షన్ తర్వాత వస్తుందట. గ్రంథి హార్మోన్‌ను అతిగా తయారు చేయడం లేదు. వాచి, దెబ్బతిని, ముందే దాచుకున్న నిల్వను రక్తంలోకి వదిలేస్తోంది. అందుకే తయారీని ఆపే మందులు దీనికి పనిచేయవు. నొప్పికీ వాపుకీ ఒక మాత్ర, దడకు ఇంకోటి, అంతే.

నిల్వ అయిపోయాక కథ తిరగబడింది. ఇప్పుడు నీరసం, చలి. చాలామందికి కొన్ని నెలల్లో మామూలైపోతుంది, కొందరికి మాత్రం హార్మోన్ మాత్ర ఎప్పటికీ తప్పదు. రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసే హషిమోటో వేరే రకం, అందులో సాధారణంగా నొప్పే ఉండదు. ఆ లెక్కన నా మెడ నొప్పే నయం, కనీసం పిలిచి చెప్పింది.

వచ్చే నెల మళ్లీ టీఎస్‌హెచ్.