ఏడు సెకన్ల మాట: క్రమశిక్షణ కమిటీలో నా అనుభవం

మా ఆట సమాఖ్యలో క్రమశిక్షణ కమిటీ అంటే ముగ్గురు మనుషులు. అధ్యక్షుడిగా ఒక రిటైర్డ్ జడ్జి గారు, సమాఖ్యతో సంబంధం లేని ఒక న్యాయవాది, మాజీ క్రీడాకారుల తరఫున ఒకరు. ఆ మూడో కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. "ఏడాదికి ఒకటో రెండో కేసులు మేడమ్, అవీ రిఫరీ మీద నోరు జారడం లాంటివే" అని చెప్పి ఒప్పించారు. ఆట పేరు చెప్పను. చెబితే అబ్బాయి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, అతనికి పడాల్సింది ఎప్పుడో పడిపోయింది.

నా ముందుకు వచ్చిన మొదటి కేసే వీడియో కేసు. ఇరవై ఏళ్ల కుర్రాడు, జట్టులోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. టోర్నమెంటు మధ్యలో, మ్యాచ్‌కి రెండు రాత్రుల ముందు, ఒక పార్టీలో బీరు సీసా పట్టుకుని డాన్స్ చేస్తున్నాడు. ఎవరో స్నేహితుడు తీసి పెట్టేశాడు. తెల్లారేసరికి టీవీల్లో చర్చలు. డబ్బు తలకెక్కిందన్నారు, పిల్లలు ఇలాంటివాళ్లను చూసి ఏం నేర్చుకుంటారన్నారు. మధ్యాహ్నానికి సస్పెన్షన్ ఉత్తర్వు.

ఆ ఉత్తర్వులో "విచారణ పూర్తయ్యేవరకు" అని ఉంటుంది. కాగితం మీద అది శిక్ష కాదు. ఆడేవాళ్లకి మాత్రం అదే అసలు శిక్ష. కుర్చీలో కూర్చునేవాళ్లకి నెల అంటే వాయిదా, ఆటగాడికి నెల అంటే సగం సీజన్. 2019 జనవరిలో హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ విషయంలో జరిగింది గుర్తుండే ఉంటుంది. ఒక టీవీ కార్యక్రమంలో ఆడవాళ్ల గురించి మాట్లాడిన మాటలకి ఇద్దరినీ ఆస్ట్రేలియా పర్యటన మధ్యలోంచి వెనక్కి పంపారు. తీరా చూస్తే విచారణ జరపాల్సిన అంబుడ్స్‌మన్‌నే ఇంకా నియమించలేదు. దాంతో దాదాపు రెండు వారాల తర్వాత సస్పెన్షన్ ఎత్తేశారు. ఏప్రిల్‌లో, అంబుడ్స్‌మన్‌గా వచ్చిన జస్టిస్ డి.కె. జైన్ విచారించి చెరో 20 లక్షల జరిమానా వేశారు. ఆ డబ్బు విధి నిర్వహణలో చనిపోయిన పారామిలటరీ జవాన్ల కుటుంబాలకీ, అంధుల క్రికెట్‌కీ వెళ్లింది. జరిమానా సంగతి ఎలా ఉన్నా, వరస తిరగబడింది. ముందు శిక్ష, తర్వాత విచారణ. మా కేసులో కూడా అంతే.

ఫైలు తెరిస్తే ఆరోపణ ఒక్క వాక్యం: "ఆటకు చెడ్డపేరు తెచ్చే ప్రవర్తన." ఏది ఆ కోవలోకి వస్తుందో నియమావళిలో ఎక్కడా లేదు. జడ్జి గారు కళ్లజోడు తీసి, "చెడ్డపేరు అన్నది ఫలితం అమ్మా, తప్పు కాదు. ఏ నియమం తప్పాడు, ఎవరికి నష్టం జరిగింది, ముందు ఈ రెండూ చూద్దాం" అన్నారు. ఆ మాటతోనే సగం కేసు తేలిపోతుందని అప్పుడు నాకు తెలియదు.

తాగకూడదన్న నియమం కోసం వెతికాం. మ్యాచ్‌కి ముందు రాత్రి హోటల్ దాటకూడదు, మద్యం ముట్టకూడదు అని ఉంది. పార్టీ జరిగింది రెండు రాత్రుల ముందు. మేనేజర్‌కి చెప్పి, అనుమతి తీసుకునే వెళ్లాడు, చెప్పిన వేళకి తిరిగొచ్చాడు, మర్నాడు ప్రాక్టీసుకి టైముకే వచ్చాడు. పార్టీ జరిగిన రాష్ట్రంలో చట్టప్రకారం తాగే వయసు వచ్చినవాడే. అంటే ఏ సీసా కోసం ఇంత గోల జరిగిందో, దానికి అడ్డంగా ఒక్క నియమం లేదు.

ఇక్కడ న్యాయవాది గారికీ నాకూ కాస్త వాదన నడిచింది. నేను షోకో మియాతా పేరు ఎత్తాను. జపాన్ జిమ్నాస్టిక్స్ మహిళల జట్టు కెప్టెన్, 19 ఏళ్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి కొద్ది రోజుల ముందు, సిగరెట్ తాగిందనీ మద్యం తాగిందనీ తేలి జట్టు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ వాటికి వయసు 20. "నియమం స్పష్టంగా ఉంది, తప్పింది, ఇందులో అన్యాయం ఏముంది?" అన్నారాయన. నియమం తప్పిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎవరికీ హాని లేని తప్పుకి నాలుగేళ్లకోసారి వచ్చే పోటీ మొత్తం పోవడం నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడలేదు. జడ్జి గారు మా ఇద్దరినీ చూసి, "మన కుర్రాడి విషయంలో నియమమే లేదు కదా, మీరెందుకు కొట్టుకుంటున్నారు?" అని నవ్వారు.

కేసు అక్కడితో ముగిసిపోవాల్సింది. ముగియనివ్వనివి న్యాయవాది గారి ఇయర్‌ఫోన్స్.

వీడియోని అందరం ఫోన్లో, పాటల హోరులో చూసినవాళ్లమే. ఆయన దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, మెల్లగా వెనక్కి ముందుకి జరుపుతూ విన్నారు. చివర్లో పాట ఆగి ఇంకో పాట మొదలయ్యే సందులో ఏడు సెకన్లు ఉన్నాయి. ఆ సందులో అబ్బాయి జట్టు ఫిజియో పేరు పెట్టి ఒక మాట అన్నాడు. అదేమిటో ఇక్కడ రాయను. ఆమె చేసే పనినీ, ఆమె ఒంటినీ కలిపి అన్న మాట. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. ఇంత చర్చ జరిగితే ఒక్క టీవీ ఆ మాట పట్టుకోలేదు, ఫిర్యాదులోనూ లేదు. అందరి కళ్లూ సీసా మీదే.

కొత్త ఆరోపణ చేర్చాలంటే మళ్లీ నోటీసు ఇవ్వాలి, సంజాయిషీకి గడువు ఇవ్వాలి. నోటీసులో లేని తప్పుకి తీర్పు చెప్పకూడదు. వాయిదా అనగానే సమాఖ్య కార్యాలయం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "జనం వేడి మీద ఉన్నప్పుడే తేల్చేస్తే బాగుంటుంది కదండీ" అని ఒకాయన. జడ్జి గారు ఆ ఫోన్లు ఎత్తడం మానేశారు.

ఆ అమ్మాయిని అడగకుండా ఆమె పేరు నోటీసులో పెట్టకూడదని మాత్రం నేను పట్టుబట్టాను. కలిసి మాట్లాడే పని నా మీదే పడింది. ఆమెకి ఆ మాట మొదటి రోజే తెలుసు. వీడియోలో ఉన్నవాళ్లే మర్నాడు ఆమె ముందు సైగలు చేసుకున్నారట. వేరే జట్టుకి మార్చమని మేనేజర్‌ని అడిగితే "పెద్దది చేసుకోకమ్మా, నీకే ఇబ్బంది" అన్నాడట. ఏడాది ఏడాదికీ పొడిగించే కాంట్రాక్టు ఆమెది. ఆమెని వెనకేసుకొచ్చే అభిమానులు లేరు, ఏజెంటు లేడు. నాతో ఒకటే అంది: "అతని ఆట పోవాలని నాకు లేదు మేడమ్. నేను అతని మోకాలికి టేప్ వేస్తుంటే మిగతావాళ్లు నా వెనక నవ్వకూడదు. నాకు కావలసింది అంతే."

ఈ మాట విన్నాక "మైదానం బయట ఏం చేస్తే మనకెందుకు" అనే వాదన నాకు పూర్తిగా రుచించడం మానేసింది. ఆటగాడికి మైదానం బయట అనిపించేది, చాలాసార్లు ఇంకొకరి పనిచోటు.

విచారణ రోజున ముందు కోచ్ మాట్లాడాడు. "వాడింకా పిల్లాడండీ, ఏదో తెలియక అనేశాడు." ఆ వెంటనే సమాఖ్య తరఫున వచ్చిన అధికారి, లక్షలమంది పిల్లలకి ఆదర్శంగా ఉండాల్సినవాడు కాబట్టి కఠినంగా శిక్షించాలన్నాడు. ఆదర్శం సంగతి నాకు ఎప్పుడూ ఒంటబట్టలేదు. బంతి మీద చూపు బాగున్నవాడిని ఎన్నుకున్నాం, గుణగణాల పరీక్ష పెట్టి ఎన్నుకోలేదు. అలాగని పిల్లాడన్న మాటా నిలవదు. ఆ ఫిజియో కూడా అతనికంటే ఎంతో పెద్దది కాదు. ఆమెని పిల్ల అని ఎవరూ వదిలేయలేదు.

అబ్బాయి ఏజెంటుతో వచ్చాడు. సంజాయిషీ నీటుగా టైపు చేసి ఉంది: "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాను." నేను అడిగాను, ఎవరికి చెబుతున్నారు ఈ మాట అని. ఏజెంటు వైపు చూశాడు. మళ్లీ అడిగాను. అప్పుడు ఆమె పేరు చెప్పాడు, చాలా చిన్న గొంతుతో.

"ఆవిడతో ఇంతవరకు మాట్లాడారా?"

"మాట్లాడొద్దన్నారు మేడమ్. మాట్లాడితే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని."

ఏజెంటు ఫోన్ చూసుకుంటున్నాడు.

నియమావళి చదివారా అని జడ్జి గారు అడిగితే, "కిట్ బ్యాగు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టమన్నారు సార్, పెట్టేశాను" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. చిన్నప్పుడే అకాడమీ హాస్టల్లో చేరినవాడు. డోపింగ్ నియమాలు మాత్రం గడగడా అప్పగించాడు. టెస్టింగ్ జాబితాలో ఉన్నవాళ్లు రోజూ ఏదో ఒక 60 నిమిషాలు ఎక్కడ దొరుకుతారో ముందే తెలపాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే డోపింగ్ కింద లెక్క. దాని మీద ప్రతి సీజన్‌కీ క్లాసు ఉంటుంది. రోజూ తన ఒంటిని చక్కదిద్దే మనిషితో ఎలా మెలగాలో ఒక్క క్లాసూ లేదు. అది సమాఖ్య లోపమే. కానీ ఆ మాట అనకూడదని తెలియడానికి క్లాసు అవసరమా అంటే, నా మటుకు అక్కర్లేదు.

శిక్ష దగ్గర ఎక్కువసేపు పట్టింది. న్యాయవాది గారు సీజన్ మొత్తం అన్నారు. నేను రెండు పాత కేసులు ముందు పెట్టాను. కెంతో మొమోతా, జపాన్ బ్యాడ్మింటన్, 21 ఏళ్లప్పుడు అక్రమ కాసినోలో జూదమాడి 2016లో దొరికాడు. ఎంతకాలమో చెప్పకుండా నిషేధించారు, రియో ఒలింపిక్స్ పోయింది. మరుసటి ఏడాది తిరిగొచ్చి 2018లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రెండోది ఇంగ్లండ్ క్రికెటర్ ఓలీ రాబిన్సన్. టీనేజీలో పెట్టిన జాత్యహంకార, స్త్రీద్వేష ట్వీట్లు 2021లో అతని మొదటి టెస్టు రోజునే బయటపడ్డాయి. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడింది. అందులో ఐదు రెండేళ్లపాటు తలమీద వేలాడేవి, మళ్లీ తప్పు చేస్తేనే అమలవుతాయి. అప్పటికే ఆడకుండా పోయిన మూడు లెక్కలో కలిపారు, 3,200 పౌండ్ల జరిమానా. నాకు రెండో పద్ధతి నచ్చుతుంది. ఎన్ని మ్యాచ్‌లో ఆటగాడికీ తెలుసు, జనానికీ తెలుసు. ఎప్పుడు తీరుతుందో చెప్పని శిక్షలో, మనిషి మారాడా లేదా అన్నదానికంటే పైవాళ్ల మూడ్ ఎలా ఉందన్నదే ముఖ్యమైపోతుంది.

దారి చూపింది మాత్రం న్యాయవాది గారే. ప్రపంచ డోపింగ్ నియమావళిలో 2021 నుంచి ఒక ఏర్పాటు ఉంది. కొకైన్ లాంటి మత్తు పదార్థం పోటీలు లేని రోజుల్లో, ఆటకి సంబంధం లేకుండా వాడినట్టు తేలితే మూడు నెలల నిషేధం. చికిత్స కార్యక్రమం పూర్తి చేస్తే ఒక నెలకి తగ్గించవచ్చు. అదే పద్ధతి పట్టుకున్నాం. ఆరు మ్యాచ్‌లు. సస్పెన్షన్‌లో పోయినవి అందులోకే వస్తాయి, మిగిలినవి ఏడాదిపాటు వాయిదాలో ఉంటాయి. పనిచోట ప్రవర్తన మీద శిక్షణ పూర్తి చేయాలి. ఆమె ఒప్పుకుంటే, జట్టు అందరి ముందు, ఆమె పేరుతో, "ఉంటే" అన్న మాట లేకుండా క్షమాపణ. నవ్విన మిగతావాళ్లకి హెచ్చరిక, ఆమె ఫిర్యాదుని తొక్కిపెట్టిన మేనేజర్ మీద వేరే విచారణకి సిఫార్సు. సీసా ఆరోపణ కొట్టేశాం, ఎందుకు కొట్టేశామో పేరా రాశాం.

ఆ పేరాకే తిట్లు తిన్నాం. కమిటీ అమ్ముడుపోయిందన్నారు. ఫిజియో సంగతి చదివినవాళ్లు తక్కువ. అప్పీలుకి వెళతానన్న ఏజెంటు గడువు దాటేవరకు కాగితం పెట్టలేదు. అబ్బాయి క్షమాపణ చెప్పాడు. ఎలా చెప్పాడో నేను చూడలేదు, నేనక్కడ ఉండాల్సిన పనీ లేదు.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి ఫోన్ చేసి, తీర్పు కాపీ ఒకటి ఇప్పించగలరా అని అడిగింది. కార్యాలయంలో అడిగితే, నిబంధనల ప్రకారం కాపీ ఆటగాడికీ, అతని జట్టుకీ, సమాఖ్యకీ మాత్రమే అన్నారు. నష్టపోయిన మనిషి ఆ జాబితాలో లేదు. జడ్జి గారు ఆ రోజే ఒక పేజీ సవరణ రాసి, మా ముగ్గురి సంతకాలతో సమాఖ్యకి పంపారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతామని జవాబు వచ్చింది. ఆ సమావేశానికి నేనూ వెళుతున్నాను.