కుంకుడు నీళ్లు ముట్టని మూడు రోజులు

మలక్‌పేటలో పందేలు మానేసిన ఆరేళ్ల గుర్రం ఒకటి ఫిబ్రవరి చివర్లో నా చేతికి వచ్చింది. రేసు కాగితాల్లో దానికి నోరు తిరగని ఇంగ్లిషు పేరు ఉంది. ఎండలో నిలబడితే ఒళ్లు పండిన కుంకుడుకాయలా నిగనిగలాడుతుందని నేను కుంకుడు అని పెట్టుకున్నాను. మొయినాబాద్ వైపు ఒక లాయంలో చోటు మాట్లాడి, గ్లాండర్స్ అనే అంటురోగం లేదని రక్తపరీక్ష కాగితం రాగానే లారీ ఎక్కించి తీసుకొచ్చాం. పదేళ్లుగా వారం వారం స్వారీ చేస్తున్నదాన్ని కదా, మార్చి దాటకుండా చెరువు కట్ట మీద తిరుగుతాననుకున్నాను. ఆ ముచ్చట తీరింది ఆగస్టులో.

మొదటి రాత్రి లాయంలోనే ఉన్నాను. కుంకుడు పడుకోలేదు, ఒకచోట నిలబడనూ లేదు. 12 అడుగుల గదిలో గోడ వెంట తిరుగుతూనే ఉన్నాడు. తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగి, చెవులు నిక్కించి, ఒకసారి సకిలించి, జవాబు రాకపోతే మళ్లీ నడక. తెల్లవారేసరికి పరిచిన గడ్డిలో బాట పడింది. మలక్‌పేటలో వాడికి రెండు పక్కలా గుర్రాలే. ఇక్కడ పక్క గది ఖాళీ, ఎందుకంటే కొత్తగా వచ్చినదాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. లేకపోతే దానితో వచ్చిన అంటురోగం మిగతావాటికి పాకుతుంది. నియమం మంచిదే, కానీ గుర్రానికి ఎవరు చెబుతారు?

దాణా విషయంలో మాత్రం నాకు పట్టింపు ఎక్కువ. పాత దాణా ఒక బస్తా వెంట తెచ్చుకుని, పది రోజుల పాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కొత్తది కలపాలని కాగితం మీద రాసి తలుపుకు అతికించాను. ఒంటిని బట్టి చూస్తే గుర్రం కడుపు చాలా చిన్నది. తిన్నా తినకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఖాళీగా ఉంచకూడదు. 450 కిలోల గుర్రానికి రోజుకు 9 కిలోల ఎండుగడ్డి లెక్కగట్టి ఐదు విడతలు చేశాను. ఇన్ని లెక్కలు వేసిన నేను నీళ్ల సంగతి మరిచాను.

ఆ లాయంలో బోరు నీళ్లు కాస్త ఉప్పన. కుంకుడు బకెట్‌లో మూతి పెట్టి, పై పెదవి తడిసీ తడవకముందే తల ఎత్తేసేవాడు. దాహం వేస్తే తాగుతాడులే అనుకున్నాను. ఎండాకాలంలో రోజుకు 30, 40 లీటర్లు తాగాల్సినవాడు ఒక బకెట్ కూడా పూర్తి చేయలేదు. దీనికి తోడు, మెత్తగా ఉంటుందని నేను దగ్గరుండి పరిపించిన వరిగడ్డిని తీరిక దొరికినప్పుడల్లా నమిలేశాడు.

మూడో రోజు సాయంత్రం ముందుకాలితో నేలను గీరడం మొదలుపెట్టాడు. మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటున్నాడు. పడుకున్నాడు, లేచాడు, మళ్లీ పడుకున్నాడు. దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కిస్తే నిమిషానికి 64. మామూలుగా 40 లోపు ఉండాలి. డొక్కకు చెవి ఆనించాను. ఆరోగ్యంగా ఉన్న గుర్రం కడుపులో ఎప్పుడూ ఏదో ఒక గుడగుడ వినిపిస్తుంది. వీడి కడుపులో చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దానికి నా చేతులు చల్లబడ్డాయి.

గుర్రాలను చూసుకునే సైసు బాబాయ్ తాడు పట్టుకుని, "పొర్లనివ్వకూడదమ్మా, నడిపిస్తూ ఉందాం" అన్నాడు. గంటన్నరకు పశువైద్యుడు వచ్చాడు. నొప్పికి సూది వేసి, ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం దింపాడు. వాంతి చేసుకోవడం గుర్రాలకు చేతకాదు, అందుకని లోపల ఏమైనా నిలిచిపోయి ఉందేమో ముందు చూశాడు. ఆ తర్వాతే నీళ్లూ లిక్విడ్ పారాఫినూ పోశాడు. ఎండిన గడ్డి పేగులో గట్టిపడి అడ్డం పడిందట. రాత్రి రెండు దాటాక కుంకుడు తోక ఎత్తి లద్దె వేశాడు. దాని మీద టార్చ్ వేసి మేమిద్దరం నవ్వుకున్న నవ్వు ఎవరైనా చూస్తే పిచ్చివాళ్లనుకునేవారు.

మర్నాడు బాబాయ్ బకెట్‌లో గుప్పెడు బెల్లం కలిపి తెచ్చాడు. "కొత్త నీళ్లని వాడికి తెలియకూడదు." కుంకుడు వాసన చూశాడు, మూతి ముంచాడు, ఇక ఎత్తలేదు. గుటక గుటకకూ రెండు చెవులూ వెనక్కీ ముందుకీ ఊగుతుంటే లెక్కపెట్టాను, 40 దాకా. రోజూ బెల్లం తగ్గిస్తూ వచ్చాం, పన్నెండో రోజుకు ఉత్త నీళ్లు తాగాడు. వరిగడ్డి తీయించి రంపపు పొట్టు పరిపించాను.

రాత్రి నడక మానిపించింది మాత్రం ఒక మేకపోతు. రేసు గుర్రాలకు మేకను తోడు ఉంచడం పాత అలవాటే. గదిలోకి వదిలిన రెండో రోజుకే అది కుంకుడు గడ్డి తింటూ వాడి కాళ్ల మధ్య పడుకుంది. బక్రీద్ ముందు దాన్ని బేరమాడటానికి ముగ్గురు వచ్చారు. ముగ్గురినీ బాబాయే తరిమాడు.

రెండు నెలలు జీను వేయలేదు. నాల్‌బంద్ వచ్చి అల్యూమినియం నాడాలు తీసి ఇనుపవి కొట్టాడు. సాయంత్రాలు చేత్తో పట్టుకుని నడిపించడం, తర్వాత పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పడం, అంతే. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మా అమ్మ ప్రతి నెలా ఒకటో తారీఖున గుర్తుచేసేది.

మే నెలలో ఎక్కాను. రికాబులో కాలు పెట్టగానే నడక మొదలుపెట్టేవాడు. రేసుల్లో జాకీని కదులుతున్న గుర్రం మీదికే ఎత్తి కూర్చోబెడతారు, వాడు నేర్చుకున్నది అది. పగ్గాలు బిగిస్తే ఇంకా వేగం. నాకు బిగింపు అంటే ఆగమని, వాడికి ఆసరా దొరికింది కాబట్టి పరిగెత్తమని. మొదటి వారం ఇద్దరం కొట్లాడుకున్నాం, ప్రతిసారీ వాడే గెలిచాడు. చివరికి పగ్గం వదిలి, ఊపిరి విడిచి, బరువుగా కూర్చుని చిన్న చుట్టు తిప్పడం అలవాటు చేసుకున్నాను. పావుగంట చొప్పున, వారానికి నాలుగు రోజులు. జూలైకి నేను ఎక్కేదాకా కదలకుండా నిలబడుతున్నాడు, మేక కళ్లముందు ఉంటే.

ఆగస్టులో వాన వెలిసిన ఒక పొద్దున చెరువు కట్ట ఎక్కాం. ఎదురుగా గేదెల మంద. కుంకుడు ఠక్కున ఆగిపోయాడు. గుండె దడ నా మోకాళ్లకు తెలుస్తోంది. పగ్గం వదులుగా ఉంచి కూర్చున్నాను. గేదెలు మమ్మల్ని పట్టించుకోకుండా రాసుకుంటూ పోయాయి. అవి తొక్కిన గుంటలో బురద నీళ్లున్నాయి. బోరు నీళ్లకు మూతి ముడిచిన మహానుభావుడు మెడ వంచి వాటిని తీరిగ్గా తాగాడు.