బండలు పోయాక మిగిలిన గుంత

మొన్న పాత కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల పోయినప్పుడు మా మామ తాను పనిచేసిన నాపరాళ్ల గని చూపిస్తానని తీసుకుపోయాడు. గని అంటే ఇప్పుడు ఏముంది, సగం దాకా పచ్చటి నీళ్లు, చుట్టూ కంప చెట్లు, గట్టున పనికిరాని రాళ్ల గుట్టలు, కంచె కూడా లేదు. "అంచుకు పోవద్దబ్బీ, లోతెంతో తవ్వినోళ్లం మాకే గుర్తులేదు" అన్నాడు.

నీళ్లపైన కనబడే గోడ మాత్రం చూసి తీరాలి. దోసెలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు పొరలు, ఒక్కో పొర ఒక్కో బండ. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద ఇట్లా రాయైంది కాబట్టే, సందు చూసి గడ్డపార దూర్చి ఎత్తితే పలక పలకగా లేచి వచ్చేదట. పడున్న ముక్క ఒకటి తీసుకుని మామ రాయితో కొట్టి చూపించాడు, ఖంగుమంటే మంచి బండ, డొల్లగా మోగితే లోపల చీలిక ఉన్నట్టు. మిషన్లు వచ్చాక కూడా చెవినే నమ్మేవాడంట.

ఈ రాతికి జియాలజిస్టులు పెట్టిన పేరు నార్జి సున్నపురాయి, నార్జి అనేది కడప జిల్లాలో ఒక ఊరి పేరు. బెలుం గుహలు కూడా ఈ రాతిలోనివే. బేతంచెర్ల దగ్గరే ఉన్న బిలస్వర్గం గుహల్లో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ జియాలజిస్టు తవ్వకాలు మొదలుపెడితే ఎన్నో జంతువుల ఎముకలు దొరికాయి, అందులో ఒక ఖడ్గమృగానికి ఏకంగా కర్నూలు పేరే పెట్టారు. ఆ గుహల గురించి నలుగురూ మాట్లాడుకుంటారు, బాగానే ఉంది. కానీ సీమలో సగం ఇళ్లకు నేలైన, కొన్నిచోట్ల గోడా కప్పూ కూడా అయిన రాయి వచ్చిన గుంతను మాత్రం ఎవరూ వారసత్వం అనరు, చెత్త పోయడానికి వాడతారు. నాకు ఇది నచ్చలేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

టైల్స్ వచ్చాక గిరాకీ పడిపోయిందని మామ అన్నాడు. నవ్వొచ్చింది, ఎందుకంటే ఆయన కొత్తింట్లో హాలంతా టైల్సే, పిల్లలు పట్టుబట్టారంట. పెరట్లో బట్టలుతికే బండ మాత్రం ఈ గనిదే. ఇంటికి రాగానే దాన్ని కూడా వేళ్లతో కొట్టి వినిపించాడు.