ఎనిమిదింటి బస్సుకు హనుమకొండ

మే నెలలో కరీంనగర్ నుంచి హనుమకొండకు పోవాలంటే పొద్దున ఎనిమిదిలోపే బస్సెక్కాలి. ఆలస్యమైతే కిటికీ ఊచ మీద చెయ్యి పెట్టలేం. మా తమ్ముని బిడ్డను వెంటబెట్టుకొని బయలుదేరాను. ఆరో తరగతి పరీక్షలు అయిపోయినప్పటి నుంచి ఫోను వదలడం లేదు.

"ఏడికి పోతున్నం అత్తమ్మా?"

"లైబ్రరీకి."

"లైబ్రరీకి గింత దూరమా?"

మానకొండూరు దాటాక, హుజూరాబాద్ ఇంకా రాకముందే మా అమ్మగారి ఊరు తగులుతుంది. అక్కడ దిగిపోయాను. నా మొదటి గ్రంథాలయం అక్కడే ఉంది, ముందు అది చూపించాలనుకున్నాను. పోయి చూస్తే తాళం. పక్కన పాన్‌డబ్బా అతను చెప్పాడు: "సారుకు రెండు ఊర్ల డ్యూటీ అమ్మా. రేపొస్తడు." కిటికీ రెక్క సందులోంచి చూశాను. పొడుగు బల్ల అదే. బీరువాల అద్దాల మీద దుమ్ము. పిల్లలకు బడి లేని ఈ యాభై రోజుల్లోనే గ్రంథాలయానికి తాళం పడితే కడుపు తరుక్కుపోతుంది. సెలవుల్లో పల్లె పిల్లకు పుస్తకం దొరికే చోటు ఇంకేముంది?

చిన్నప్పుడు ఎండాకాలమంతా ఆ బల్ల దగ్గరే గడిపాను. నాకెవరూ కథలు చెప్పలేదు, బహుమతులివ్వలేదు. చదువురాని ఒక ముసలాయన రోజూ వచ్చి నా పక్కన కూర్చునేవాడు. "బిడ్డా, శ్రీరాంసాగర్‌ల నీళ్లెన్నున్నయో సదువు" అనేవాడు. ఆయన రెండెకరాలు కాకతీయ కాలువ కింద ఉండేవి. జలాశయం నిండు మట్టం 1,091 అడుగులని నాకు బడిలో ఎవరూ చెప్పలేదు, ఆయనకు పేపరు చదివి పెడుతూ నేర్చుకున్నాను. నీళ్ల సంగతి అయ్యాక పత్తి ధర, ఆ తర్వాత వానల కబురు. పైకి చదవడం నాకు అక్కడే వచ్చింది. అక్షరం తప్పు పలికితే ఆయనకు తెలియదు గానీ, అంకె తప్పు చదివితే వెంటనే పట్టుకునేవాడు.

తర్వాతి బస్సులో నిలబడే పోయాం. ఎల్కతుర్తి దగ్గర తాటిముంజలు కొని తిన్నాం. హసన్‌పర్తి దాటి ఊళ్లో దిగేసరికి పదిన్నర.

మేం చూడవచ్చిన హనుమకొండ గ్రంథాలయం పేరు శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం. అది 1904లో పుట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 1901లో, హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయాలకు దారి వేసింది అదే. 1918లో వరంగల్ మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వచ్చింది. హనుమకొండ, వరంగల్ గ్రంథాలయాల పేర్లు చూడండి. ఒకటి నన్నయ చేత భారతం రాయించిన రాజుది, ఇంకొకటి ఆ నన్నయ బిరుదును తలపించేది. కాకతీయుల రాజధానిలో కూర్చొని గోదావరి ఒడ్డు రాజమహేంద్రవరం కవినీ రాజునూ తలకెత్తుకున్నారంటే, తెలుగంతా మనదేననే ధీమా అది. నాకు ఆ ధీమా ఎంతో ఇష్టం.

ఆ రోజుల్లో పైచదువు ఉర్దూలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. తెలుగు చదవాలనుకున్న పిల్లవాడు చాలావరకు బడి బయట చదవాల్సిందే. నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. అందుకే గ్రంథాలయం పుస్తకాలుండే చోటుగా మాత్రమే మిగల్లేదు, నలుగురు కలిసే చోటు కూడా అయింది. కాళోజీ యౌవనం హనుమకొండ భాషానిలయంతోనే ముడిపడింది. వేసవి పఠనం అని ఇవాళ మనం అంటున్నది ఏమిటి? బడి చెప్పకుండా, పరీక్ష లేకుండా, ఇష్టంతో చదవడం. మన దగ్గర ఒక కాలంలో తెలుగు చదువు చాలావరకు అట్లాంటిదే. ఏడాది పొడుగునా అంతే. ఈ మాట మా మేనకోడలికి ఆ గుమ్మం ముందరే చెప్పాను. "అయితే తెలుగుకు పరీక్ష లేకుండెనా?" అని అడిగింది. ఆ సంగతొక్కటే దానికి నచ్చింది.

మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం నా స్నేహితురాలి వాడలోని గ్రంథాలయానికి పోయాం. అక్కడ వేసవి విజ్ఞాన శిబిరం నడుస్తోంది. జంపఖానా మీద పాతికమంది దాకా పిల్లలు. ఒక రిటైర్డు పంతులమ్మ కథ చదువుతోంది, సరిగ్గా దొంగ గోడ దూకే చోట పుస్తకం మూసేసింది. "మిగిలింది మీరు చదువుకోండ్రి." ఆ పుస్తకం కోసం ఆరుగురు ఎగబడ్డారు. "ముందు చేతులు కడుక్కోని రాపోండ్రి" అంది లైబ్రేరియనమ్మ. అందరి చేతులకూ మామిడిపండు రసం.

చేతులు కడగడం చూస్తుంటే ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. 1897లో అమెరికాలో క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీలో లిండా ఈస్ట్‌మన్ పిల్లలతో లైబ్రరీ లీగ్ కట్టింది. పుస్తకాన్ని శుభ్రమైన చేతులతో పట్టుకోవాలన్నది అందులో చేరిన పిల్లలకు మొదటి పాఠం. అక్కడి వేసవి పఠన కార్యక్రమాల చరిత్ర చెప్పేవాళ్లు అక్కణ్నుంచే మొదలుపెడతారు. 1978లో బార్బరా హేన్స్ అట్లాంటా నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లల మీద చేసిన పరిశీలన ప్రచురించింది. సెలవుల్లో ఆరు పుస్తకాలైనా చదివిన పిల్లలు, చదవని వాళ్లకంటే ముందుకు పోయారని తేలింది. ఆరంటే ఆరు. వారానికి ఒకటి కూడా కాదు.

ఇక్కడి గ్రంథాలయాలకు డబ్బు ఎక్కడిదనుకుంటారు? మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం దానికి ఆధారం. ఆ జంపఖానా మీద ఆ వాడలో ప్రతి ఇంటి పైసా ఉంది. అందుకే అడగడానికి మొహమాటపడొద్దు.

మా పిల్ల ఒక మూల కూర్చొని పాత జానపద కథల పుస్తకం తీసింది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో నంబరు, వెనక అట్టకు అంటించిన గడువు చీటీ మీద వంకర టింకర తేదీ ముద్రలు. చివరి ముద్ర 2011ది. వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగింది.

"అత్తమ్మా, గాదె అంటే?"

నేను నోరు తెరిచేలోపు పేపరు చదువుతున్న పెద్దాయన అందుకున్నాడు. "మన గుమ్మి లేదా బిడ్డా, వడ్లు పోసేది. వెదురుతోని అల్లి పేడతో అలుకుతరు." గుమ్మి కూడా దానికి తెలియదు. మా ఇంట్లో వడ్లు బస్తాల్లోనే వస్తాయి. పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టి, రెండు చేతులూ బారజాపి గుమ్మి ఎంత లావుంటుందో, కింద బెజ్జం నుంచి వడ్లెట్లా దూకుతాయో చూపించాడు. పుస్తకంలో లేనిదంతా ఆయన చేతుల్లో కనబడింది.

లేచే వేళకు కథ సగంలో ఉంది. మాకక్కడ సభ్యత్వం లేదు. నా స్నేహితురాలు తన కార్డు మీద రాయించింది. లైబ్రేరియనమ్మ ఆ 2011 ముద్ర కింద కొత్త తేదీ కొట్టింది. పదిహేను రోజులు.

బస్టాండులో చల్ల తాగుతుంటే మా పిల్ల చీటీ తీసి చూసి వేళ్ల మీద లెక్క పెట్టుకుంది.

"జూన్ పన్నెండుకు బడి గదా. దానికంటే ముందే మళ్ల రావాలె అత్తమ్మా. పొయ్యేటప్పుడు మీ ఊర్ల ఆ సారు ఏ రోజు ఉంటడో అడిగి దిగుదాం."